పచ్చగా కనిపించిన ఆదివారం

బెంగళూరు కె.ఆర్.పురం మార్కెట్టు వెనక సందుల్లో పెళ్లి ఎవరింట్లోనో తెలియాలంటే సొన్నప్ప సీరియల్ దీపాలు ఎక్కడ వేలాడుతున్నాయో చూస్తే చాలు. ఆయన కూతురు మునిలక్ష్మి ఆ తీగల చుట్టల మధ్యే పెరిగింది. వరసలో ఆరిపోయిన బల్బు ఏదో వెతికి పట్టుకోవడం అక్షరాలకంటే ముందు నేర్చుకుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడింట్లోనూ తక్కువే మాట్లాడుతుంది. పట్టిన పని వదలదని తల్లి గౌరమ్మ ఒకోసారి మెచ్చుకుంటుంది, ఒకోసారి ఆ మాటతోనే తిడుతుంది.

మునిలక్ష్మి బీసీఏ ఆఖరి సంవత్సరంలో ఉంది. వాళ్ల కాలేజీలో ప్రాజెక్టుల సంగతి అందరికీ తెలిసిందే. బస్టాపు ఎదుట జెరాక్సు షాపు పైన ఒక ప్రాజెక్ట్ సెంటర్ ఉంది. ఆస్పత్రి, లైబ్రరీ, బస్సు టికెట్లు, దేనికి కావాలంటే దానికి ప్రోగ్రాము తయారుగా ఉంటుంది. రిపోర్టు బైండింగుతో సహా చేతికిస్తారు. ఆ ఆస్పత్రి ప్రోగ్రాములో రోగి పేరు టెస్ట్ వన్. డాక్టరు పేరు ఎక్స్‌వైజెడ్. టెస్ట్ వన్‌కి జ్వరం వస్తుంది, తగ్గుతుంది, విద్యార్థికి మార్కులు పడతాయి.

మునిలక్ష్మి, ఆమె జట్టులోని అభిషేక్ ఏదీ కొనలేదు. కిందటి సెమిస్టరులో సెమినార్ హాలు బుకింగ్ ప్రోగ్రాము సొంతంగానే రాశారు. పూర్తి మార్కులొచ్చాయి. ఆ మార్కుల కాగితం పట్టుకుని ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళితే, అవతలి మనిషి అంతా శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు: "దీన్ని ఎవరు వాడుతున్నారు?"

"ఎవరూ లేరు సార్."

ఆయన నవ్వి, తర్వాతి అభ్యర్థిని పిలవమన్నాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. ఉండి ఉంటే మునిలక్ష్మి మరిచిపోయేదేమో.

ఆఖరి ప్రాజెక్టుకి గైడుగా నళిని మేడమ్ వచ్చారు. కంపెనీల్లో పనిచేసి, పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. ఆవిడ మొదటి రోజే షరతు పెట్టారు. "మీకు కోడ్ రాయడం వచ్చు, అది చూశాను. మీ ప్రోగ్రాము ఆగిపోతే ఫోన్ చేసి తిట్టే మనిషిని ఒక్కరిని చూపించండి. అప్పుడు రిపోర్టు మీద లైవ్ ప్రాజెక్ట్ అని రాయనిస్తాను. లేకపోతే మామూలు ప్రాజెక్టే."

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో దీపక్ అన్నాడు, "ఎమ్మెల్, నీకెందుకే ఇదంతా? పేరులోనే మెషీన్ లెర్నింగ్ పెట్టుకుని పుట్టావ్. ఏదో ఒక మోడల్ దించుకుని సబ్మిట్ చేసెయ్." మునిలక్ష్మి వెనక్కి తిరగలేదు. ఆమె అప్పటికే గోపాలప్ప ముఖం తలుచుకుంటోంది.

గోపాలప్ప వాళ్ల పేటలోని కల్యాణ మంటపానికి మేనేజరు. పేటలో దాన్ని ఛత్రం అంటారు. సొన్నప్పకు పాత స్నేహితుడు. ఆయన ఆఫీసు గదిలో గోడనిండా కేలండర్లే. పెళ్లి కుదిరితే ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీస్తాడు. ఎవరు ఫోన్ చేసినా కుర్చీలోంచి లేచి, కళ్లద్దాలు పైకెత్తి, గోడ దగ్గరికి వెళ్లి చూసి చెప్పాలి. మోకాళ్ల నొప్పి మొదలయ్యాక ఆ లేవడమే ఆయనకు కష్టంగా ఉంది.

మునిలక్ష్మి తమ ప్రోగ్రాము సంగతి చెప్పగానే, "కూర్చున్న చోటే కనిపిస్తాదా?" అని అడిగాడు.

"కనిపిస్తాది మామా. పచ్చగా ఉంటే ఖాళీ. ఎర్రగా ఉంటే ఇచ్చేసినట్లు."

"సరే, పెట్టు. చూస్తాం. సుమ్నే, ఊరికే ఆట మాదిరి చేసి నడిమధ్యలో వదిలేసి పోవద్దు పాపా. మీ కాలేజీకి కావాల్సిన, వాడినట్లు లెటరు కూడా నేనే రాసిస్తా."

కిందటి సెమిస్టరు ప్రోగ్రామునే తీసుకుని, సెమినార్ అన్నచోట పెళ్లి అని మార్చి, ఫోన్ నంబర్లు, వంటగది, గదుల వివరాలు చేర్చారు. కేలండరు చూసి అభిషేక్ ముహూర్తం తేదీలు చదువుతుంటే మునిలక్ష్మి టైపు చేసింది. కొన్ని గీతలు ఒక గడిలో మొదలై పక్క గడిలోకి వెళ్లాయి. "పెద్దాయన చెయ్యి వణుకుతున్నట్టుంది" అన్నాడు అభిషేక్. ఆమె తల ఊపింది.

గోపాలప్పకు ప్రోగ్రాము నచ్చింది. కొన్నాళ్లకే ఎవరి సాయం లేకుండా ఒక బుకింగ్ తానే ఎక్కించాడు. ఆదివారం సాయంత్రం, చెన్నరాయప్ప మనవడి నామకరణం. మునిలక్ష్మి కాలేజీ బస్సులో ఫోను తెరిచి ఆ పేరు చూసుకుంది. టెస్ట్ వన్ కాదు, చెన్నరాయప్ప. ఆ తెరను ఫొటో తీసి దాచుకుంది కూడా.

ఆ నామకరణం ఇంకో వారముందనగా, ఇంట్లో సాయంత్రం భోజనాల దగ్గర సొన్నప్ప భార్యతో అన్నాడు, "వచ్చే ఆదివారం మధ్యాహ్నానికే నేను ఛత్రానికి పోవాల. సోమవారం పెండ్లి. రిసెప్షన్‌కి దీపాలు వెలుగుతా ఉండాల."

మునిలక్ష్మి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

బెంగళూరులో పెళ్లంటే పొద్దుటి ముహూర్తం. దాని ముందురోజు సాయంత్రమే రిసెప్షన్. మధ్యాహ్నానికే పెళ్లివారు సామాన్లతో దిగి, ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు తాళి కట్టాక భోజనాలు చేసి ఖాళీ చేస్తారు. ఛత్రంలో రోజంటే మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం వరకు. ఈ సంగతి ఎవరో ఆమెకు చెప్పవలసింది కాదు. నడక వచ్చినప్పటినుంచి తండ్రి వెంట ఆ వేళకే ఛత్రానికి వెళ్లింది. అయినా తెర ముందు కూర్చున్నప్పుడు ఆ తెలిసిన సంగతి చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోయింది. ప్రోగ్రాములో సోమవారం పెళ్లి సోమవారమే ఎర్రగా ఉంది. ఆదివారం పచ్చగా ఉంది. చెన్నరాయప్ప బంధువులూ పెళ్లివారూ ఒకే సాయంత్రం ఒకే గుమ్మంలోకి రాబోతున్నారు.

ఆమె చెయ్యి కడుక్కుని అభిషేక్‌కి ఫోన్ చేసింది. అతనిది కోస్తా. చదువుకని వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు.

"ఆగాగు. రిసెప్షన్ పెళ్లయ్యాక కదా పెడతారు?"

"మీ వైపు. ఇక్కడ ముందురోజు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నాకు తెలుసు కాబట్టి చెప్పలేదు."

మర్నాడు కాలేజీ క్యాంటీన్‌కి అభిషేక్ ఒక ఉపాయంతో వచ్చాడు. "చూడు మునీ, వైవా దగ్గరికొచ్చేసింది. బగ్ ఫిక్స్ చేద్దాం, అది ఎంతసేపు. ఈ డేటా అంతా తీసేసి మనమే నింపుదాం. టెస్ట్ వన్ పెళ్లి, టెస్ట్ టూ నామకరణం. డెమో క్లీన్‌గా వస్తుంది. అక్కడి డేట్స్ గొడవ వాళ్లు వాళ్లు చూసుకుంటారులే."

"టెస్ట్ టూకి చెన్నరాయప్ప అని పేరుంది" అంది మునిలక్ష్మి. "ఇంటి నిండా చుట్టాలున్నారు. నేను ఛత్రానికి పోతున్నా. వస్తే రా."

అతను టీ సగంలో వదిలేసి లేచాడు.

గోపాలప్ప మొదట నమ్మలేదు. తెర చూశాడు, లేచి గోడ దగ్గరికి వెళ్లి ఎర్ర గీత చూశాడు, తిరిగి వచ్చి కూర్చున్నాడు. "పచ్చగా ఉండె కదా పాపా. నా కండ్లతో చూసి ఇస్తిని. పచ్చగా ఉంటే ఇచ్చేయొచ్చని నువ్వే కదా చెప్పింది?"

"నేనే చెప్పినా మామా."

"గోడ చూసి ఉంటే ఇయ్యనే ఇయ్యను. ఈ పెట్టెను నమ్మి లేచేది మానేస్తిని." ఆయన గొంతు పెరగలేదు. అభిషేక్ వైపు తిరిగాడు. "ఏమప్పా, మీకు మార్కులు పడతాయి. నా మానం ఎవరిస్తారు? తీసుకోని పోండి దీన్ని. లెటరూ లేదు, ఏమీ లేదు."

లెటరు లేకపోతే లైవ్ ప్రాజెక్టు లేదు. వాడేవాళ్లెవరని మళ్లీ ఎవరైనా అడిగితే, మళ్లీ అదే జవాబు చెప్పుకోవాలి. అయినా మునిలక్ష్మి అడిగింది, "తీసుకోని పొమ్మంటే పోతా మామా. చెడిపినదాన్ని సరిచేసి పోతా. చెన్నరాయప్ప తాత ఇల్లు యాడ?"

"నువ్వు పోతావా? ఆయన నోరు నీకు తెలీదు."

"ఆదివారం పొద్దున ఛత్రం ఖాళీగా ఉండాది కదా? శనివారం ఏమీ లేదు కదా?"

గోపాలప్ప మళ్లీ లేచి గోడ చూశాడు. "ఉండాది. మధ్యాహ్నానికి ఖాళీ చేయాల."

చెన్నరాయప్ప ఇల్లు రైలు పట్టాల అవతల ఉంది. ఆయన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. వాకిట్లో ఉయ్యాలకి కొత్త తాళ్లు బిగిస్తున్నాడు. మునిలక్ష్మి నిలబడే చెప్పింది. తప్పు తమదేననీ, గోపాలప్పది కాదనీ, సాయంత్రానికి బదులు పొద్దున పెట్టుకోవాలనీ చెప్పింది. ఆయన తాడు ముడి పూర్తిగా వేసి, లాగి చూసి, అప్పుడు తల ఎత్తాడు.

"అంటే నా మనవడికి పేరు పెట్టేదానికి నేను మీ కంప్యూటర్‌ని అడిగి రావాల?"

"లేదు తాతా."

"మరి? అది పొద్దునంటే పొద్దున, సాయంత్రమంటే సాయంత్రం. రేపు పేరు కూడా అదే పెడతాదేమో. ఏమప్పా, పెడతాదా?"

అభిషేక్‌నే చూస్తూ ఆయన రెండో తాడు అందుకున్నాడు.

"పూజారి సాయంత్రానికి చెప్పినాడు. మాలూరులో చెప్పినా, హొసకోటలో చెప్పినా, కోలారులో చెప్పినా. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కాదు పొద్దున రండని చెప్పేది ఎవరు?"

"నేను చెప్తా."

"అందరికీ?"

"అందరికీ. నంబర్లు ఇయ్యండి. ఇక్కడే కూర్చోని చేస్తా."

ఆయన నోరు తెరిచేలోగా లోపలి గదిలోంచి బాలింత రమ్య గొంతు వినిపించింది. "పొద్దున అయితే నాకే మేలు నాయనా. సాయంత్రమైతే వీడు ఇల్లెగిరేటట్లు ఏడుస్తాడు. అందరి ముందరా ఏడిపిస్తారా?"

చెన్నరాయప్ప కూతురి గది వైపు ఒకసారి, వచ్చిన పిల్లల వైపు ఒకసారి చూశాడు. మంచిదన్నట్టు కాదు, చెడ్డదన్నట్టూ కాదు. జేబులోంచి ఫోన్ తీసి పూజారికి కలిపాడు. పొద్దున కూడా మంచి వేళ దొరికింది. వంటవాళ్లను తానే మాట్లాడుకుంటానని చెప్పి, తన ఫోనే మునిలక్ష్మి చేతిలో పెట్టాడు. "చెయ్యి. ఒక్కరు సాయంత్రం వచ్చి వాపసు పోయినా నిన్ను వదలను."

ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టారు. మాలూరు నుంచి ఒక ముసలామె అడిగింది, "యారమ్మా నువ్వు? చెన్నరాయప్ప చిన్న కోడలివా?"

"కాదవ్వా. కంప్యూటర్‌లో తప్పు చేసినదాన్ని."

"ఏమోలే. పొద్దున అంటే టిఫినా, భోజనమా?"

"రెండూ ఉంటాయంట అవ్వా."

"అట్లయితే రాత్రికే వచ్చేస్తాం."

అభిషేక్ మాటలు వినగానే హొసకోట పెద్దమనిషి, "నీ తెలుగు సినిమాలో మాదిరి ఉండాది, ఇంకోసారి చెప్పు" అని మూడు సార్లు చెప్పించుకున్నాడట. అది విని చెన్నరాయప్ప మొదటిసారి నవ్వాడు. నవ్వి, కాఫీ తెప్పించాడు. ఎత్తనివాళ్లకు మర్నాడు కాలేజీ మెట్ల మీద కూర్చుని మళ్లీ చేశారు.

ఆ వారం మునిలక్ష్మి ప్రోగ్రామును మొదటినుంచి చూసుకుంది. తేదీని తీసేసి రోజును రెండు సగాలు చేసింది. పెళ్లి అని ఎక్కిస్తే ముందురోజు సాయంత్రం సగమూ ముహూర్తం రోజు పొద్దుటి సగమూ రెండూ ఎర్రబడాలి. రాసింది తక్కువ. పరీక్షించింది ఎక్కువ. గోపాలప్ప గోడ మీది ఎర్ర గీతలన్నీ కుర్చీ ఎక్కి దగ్గరగా చూసింది. ఆయన చెయ్యి ఎక్కడా వణకలేదు. ప్రతి పెళ్లి గీతా ఒక గడి మధ్యలో మొదలై పక్క గడి మధ్యలో ఆగింది.

పాత బుకింగులన్నీ కొత్త ప్రోగ్రాములో తిరిగి ఎక్కిస్తే ఇంకొకటి బయటపడింది. వచ్చే నెల ఒక నిశ్చితార్థం, దాని మీద ఒక రిసెప్షన్. దాచిపెడితే తెలిసేది కాదు. అభిషేక్ ఆమె ముఖం చూసి, అడగకుండానే ఫోన్ తీశాడు. నిశ్చితార్థం వాళ్లను అడిగి వేళ మార్పించాకే గోపాలప్పకు చెప్పారు.

ఆయన విని, లేచి గోడ మీద ఆ తేదీ సరిచూసుకున్నాడు. ఆమె రోజూ కాలేజీ అయ్యాక వచ్చి ఆఫీసు గదిలో మూల స్టూలు మీద కూర్చునేది. ఆయన గోడ చూసి జవాబు చెప్పేవాడు. ఆమె తెరలో అదే జవాబు వచ్చిందా లేదా అని చూసుకునేది.

"వద్దంటే కూడా వస్తావే" అన్నాడు ఒకరోజు.

"వస్తా మామా."

"మీ నాయన కూడా ఇంతే. ఒక బల్బు వెలగలేదంటే పెండ్లయిపోయినా నిచ్చెన దిగడు."

ఆదివారం నామకరణం అయింది. పిల్లవాడు ఏడవలేదు, నిద్రపోయాడు. కానీ భోజనాలయ్యాక చుట్టాలు లేవలేదు. మాలూరు అవ్వ వక్క నములుతూ కుర్చీలో స్థిరపడింది. బయట పెళ్లివారి టెంపో వచ్చి ఆగింది. సొన్నప్ప నిచ్చెన మీద ఉన్నాడు. మునిలక్ష్మి ఓణీ నడుముకు చుట్టి కుర్చీలు మడవడం మొదలుపెట్టింది. అభిషేక్ ఉయ్యాల తాళ్లు విప్పుతున్నాడు. ఒక ముడి రావడం లేదు. చెన్నరాయప్ప వచ్చి ఆ ముడి తానే విప్పి, హాలు మధ్యలో నిలబడి అన్నాడు, "లెయ్యండప్పా, లెయ్యండి. పెండ్లోళ్లు ఎండలో నిలబడి ఉండారు. మిగిలిన ముచ్చట ఇంటికాడ."

పెళ్లివారి కొబ్బరికాయల గోనె లోపలికి వస్తుంటే, నామకరణం మిఠాయి డబ్బాలు పక్క తలుపులోంచి బయటికి వెళ్లాయి. ఆ హడావుడిలో ఆఫీసు ఫోన్ మోగింది. గోపాలప్ప గది తలుపు తెరిచే ఉంది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఆ ఆదివారమా? పొద్దున ఉండాది. సాయంత్రం లేదు" అన్నాడు. మునిలక్ష్మి చేతిలో కుర్చీతో గుమ్మం దాటి వెళ్లిపోయింది. లోపలికి తొంగి చూడలేదు.

లెటరు మాత్రం ఆయన ఇవ్వలేదు. అడిగితే "రాస్తాలే" అనేవాడు. వైవా రోజు వచ్చేసింది. రిపోర్టులో లెటరు ఉండాల్సిన చోట ఖాళీ కాగితం ఉంది. అభిషేక్ జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో టెస్ట్ వన్, టెస్ట్ టూ సిద్ధంగా ఉన్నారు.

"అవసరమైతేనే" అన్నాడు.

"జేబులోనే ఉండనీ" అంది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు తిప్పి, ఖాళీ కాగితం దగ్గర ఆగాడు. పక్కన నళిని మేడమ్ కూర్చున్నారు.

"లైవ్ ప్రాజెక్ట్ అని రాశారు. వాడుతున్నట్టు లెటరు ఏది?"

"అడిగాం సార్. ఇంకా ఇవ్వలేదు. మధ్యలో మా తప్పు వల్ల ఒక డబుల్ బుకింగ్ అయింది." ఆమె జరిగింది చెప్పసాగింది. ఆయన సగంలోనే చెయ్యి ఎత్తాడు.

"తప్పుల సంగతి తర్వాత. రుజువు లేకపోతే లైవ్ అన్నమాట కొట్టేయాలి. ప్రాక్టీస్ ప్రాజెక్ట్ అని రాస్తాను. తప్పేం లేదు, అందరివీ అవే." కలం మూత తీశాడు.

అప్పుడు మునిలక్ష్మి ఫోన్ మోగింది. పరీక్ష గదిలో ఫోన్లు ఆపాలి. ఆమె ఆపలేదు. తెర మీద గోపాలప్ప మామ అని ఉంది.

"సార్, మంటపం నుంచి. ఎత్తాలి."

ఎగ్జామినర్ ముఖం చిట్లించాడు. నళిని మేడమ్ "ఎత్తు" అన్నారు.

స్పీకర్ పెట్టనవసరం లేకపోయింది. "ఏమ్మా, యాడికి పోయినావ్? తెర తెల్లగా ఉండాది, ఏమీ రాదు. బంగారుపేట నుంచి పెండ్లి మాట్లాడేదానికి వచ్చి నా ముందర కూర్చోని ఉండారు. నేను ఏమని చెప్పేది? గోడ కేలండర్ తీసేస్తిని కదా నిన్ననే. పెట్టేటప్పుడు రోజూ వచ్చి కూర్చుంటివి, పెట్టినంక అడ్రెస్సే లేదు. ఇదేనా మీ చదువు?"

"మామా, కిటికీ దగ్గర చిన్న నెట్ డబ్బా ఉంటాది. దాంట్లో దీపాలు వెలుగుతా ఉండాయా?"

"దీపమా? లేదు. దాని ప్లగ్గు తీసి మీ నాయన తన సీరియల్ సెట్టు పెట్టి ఉండాడు. సొన్నప్పా, ఏయ్ సొన్నప్పా…"

ఆమె తలుపు వరకు నడిచి నిలబడింది. అవతల నిచ్చెన జరిపిన చప్పుడు, తండ్రి గొణుగుడు, గోపాలప్ప అసహనం. ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది.

"వచ్చిందా మామా?"

"ఉండు, ఉండు… ఆ, వచ్చె." వెంటనే ఆ గొంతు వేరే వైపు తిరిగింది. "చెప్పండప్పా, ఏ ముహూర్తం అంటిరి?"

ఆమె ఫోన్ పెట్టేసి వచ్చి తన చోట నిలబడింది. ఎగ్జామినర్ కలం ఇంకా కాగితం మీద ఆనలేదు.

"ఎవరు?" అని అడిగాడు.

"వాడేవాళ్లు సార్."

నళిని మేడమ్ ముందుకు వంగారు. "తిట్టారా?"

"తిట్టారు మేడమ్."

ఎగ్జామినర్ కలానికి మూత పెట్టాడు. ఖాళీ కాగితం దాటి రిపోర్టు తర్వాతి పేజీ తిప్పి, "సరే, ఆ డబుల్ బుకింగ్ ఎలా జరిగిందో మొదటినుంచి చెప్పండి" అన్నాడు.

మునిలక్ష్మి మొదలుపెట్టింది. "సార్, మా ఛత్రంలో రోజు మధ్యాహ్నం మొదలవుతుంది."